విద్యుత్తు: శివనసముద్రం నుండి ఇంటి మీటరు దాకా

బెంగళూరులో అద్దె గదికి చేరిన కుటుంబం మొదట చూసుకునేవి రెండే: కొళాయిలో నీళ్లు వస్తున్నాయా, మీట నొక్కితే దీపం వెలుగుతున్నదా. నీటి విషయంలో అందరికీ కొంత అవగాహన ఉంటుంది, ఎందుకంటే నీరు కంటికి కనబడుతుంది. విద్యుత్తు కనబడదు. అందువల్ల దాని ఖర్చు నెలాఖరున బిల్లు వచ్చినప్పుడు గాని, దాని ప్రమాదం ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు గాని తెలియదు. కంటికి కనబడని ఈ శక్తిని మానవుడు ఎలా గుర్తించాడు, అది ఈ నగరానికి ఎలా చేరింది, ఇంట్లో దానిని క్షేమంగా వాడుకోవడం ఎలా అనే మూడు విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

1. పేరు వెనుక కథ

‘విద్యుత్’ అనే సంస్కృత పదానికి మెరుపు అని అర్థం. తెలుగులో విద్యుత్తు అన్నా, కన్నడంలో విద్యుత్ అన్నా మాట ఒక్కటే. విద్యుత్ సంస్థ బోర్డు మీద ఆ పదాన్ని పోల్చుకోవడం తెలుగువారికి కష్టం కాదు. ట్రాన్స్‌ఫార్మరు కంచెకు తగిలించిన ఎర్ర బోర్డుపై కన్నడంలో కనిపించే ‘అపాయ’ అన్న మాట కూడా తెలుగు ‘అపాయమే’. లిపిలో చిన్న తేడాలున్నా ఈ రెండు పదాలను గుర్తుపట్టగలగడం నగరంలో కొత్తగా స్థిరపడిన ప్రతి కుటుంబానికీ అవసరం, పిల్లలకు మరీ అవసరం.

పాశ్చాత్యుల పదానికి మూలం వేరు. చెట్ల జిగురు యుగాల తరబడి నేలలో గట్టిపడి ఏర్పడే అంబరు అనే పదార్థాన్ని ఉన్నితో రుద్దితే అది పొట్టును, ఈకలను ఆకర్షిస్తుందని ప్రాచీన గ్రీకులు ఎరుగుదురు. అంబరును వారు ‘ఎలెక్ట్రాన్’ అనేవారు. 1600లో ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్టు అయస్కాంతం గురించి వ్రాసిన గ్రంథంలో ఈ ఆకర్షణకు అంబరు పేరు మీదుగానే పేరు పెట్టాడు. పొడి తలను ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, చిన్న కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి. గ్రీకులు చూసిన వింత అదే.

రెండు పేర్లూ ఒకే శక్తివని తేలడానికి చాలాకాలం పట్టింది. 1752లో అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన పద్ధతిలో ఫ్రాన్సులోను, ఆయన స్వయంగా గాలిపటంతోను జరిపిన ప్రయోగాలు ఆకాశంలోని మెరుపు, రాపిడి వల్ల పుట్టే చిన్న నిప్పురవ్వ ఒకే జాతివని నిరూపించాయి. ఎత్తయిన భవనాలపై నేటికీ కనిపించే పిడుగు కడ్డీ ఆ ఆలోచన ఫలమే.

2. కప్ప కాలి నుండి కదిలే అయస్కాంతం దాకా

రాపిడి వల్ల పుట్టే విద్యుత్తు క్షణంలో ఆరిపోతుంది. దానితో దీపం వెలగదు, యంత్రం తిరగదు. నిలకడగా ప్రవహించే విద్యుత్తుకు దారి ఒక కప్ప కాలు చూపింది. ఇటలీలోని బొలోనా నగరంలో లుయిజీ గాల్వానీ, చనిపోయిన కప్ప కాలికి రెండు వేర్వేరు లోహాలు తగిలినప్పుడు అది ఎగిరిపడటం గమనించి, జంతువుల శరీరంలోనే విద్యుత్తు ఉన్నదని భావించాడు. ఆయన సమకాలికుడు అలెస్సాండ్రో వోల్టా దీనితో ఏకీభవించలేదు. విద్యుత్తు కప్పలో లేదు, రెండు లోహాల కలయికలో ఉన్నదన్నాడు. 1800లో ఆయన లోహపు బిళ్లలను జతలుగా పేర్చి, మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు ఉంచి, ప్రపంచంలో మొదటి బ్యాటరీని తయారు చేశాడు. గోడ గడియారంలోని సెల్లు ఆ బిళ్లల దొంతరకు వారసురాలు. వోల్టు అనే కొలమానం ఆయన పేరుమీద వచ్చినదే.

1820లో డెన్మార్కు ఆచార్యుడు ఓర్‌స్టెడ్, కరెంటు పారుతున్న తీగ పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. విద్యుత్తు అయస్కాంతాన్ని కదిలించగలిగితే అయస్కాంతం విద్యుత్తును పుట్టించలేదా అన్న ప్రశ్నకు సమాధానం 1831లో లండనులో దొరికింది. కమ్మరి కుమారుడై, పుస్తకాలు కుట్టే దుకాణంలో పనిచేస్తూ అక్కడి పుస్తకాలే చదివి శాస్త్రజ్ఞుడైన మైకేల్ ఫారడే, రాగి తీగ చుట్టలో అయస్కాంతాన్ని ఆడిస్తే తీగలో కరెంటు పుడుతుందని కనుగొన్నాడు. అయస్కాంతం కదిలినంతసేపే కరెంటు ఉంటుంది, ఆగితే ఆగిపోతుంది. జలవిద్యుత్ కేంద్రం, బొగ్గు కేంద్రం, గాలిమర అన్నీ చేసే పని ఇదే: తీగచుట్టకు, అయస్కాంతానికి మధ్య ఆ కదలికను ఆగనీయకపోవడం. కదిలించే బలం నీటిదా, ఆవిరిదా, గాలిదా అన్నదే తేడా.

3. కావేరి నుండి కోలారు గనులకు

1882లో థామస్ ఎడిసన్ న్యూయార్కులో విద్యుత్ కేంద్రం నెలకొల్పి వీధులకు, ఇళ్లకు కరెంటు అమ్మడం ప్రారంభించాడు. అది ఒకే దిశలో పారే ఏకముఖ విద్యుత్తు. కేంద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు తప్ప దూరానికి దానిని పంపడం సాధ్యం కాలేదు. నికోలా టెస్లా రూపొందించిన యంత్రాలు ఏకాంతర విద్యుత్తును, అంటే క్షణక్షణం దిశ మార్చుకునే కరెంటును వాడుకలోకి తెచ్చాయి. దాని ఒత్తిడిని ట్రాన్స్‌ఫార్మరుతో సులభంగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. 1896లో నయాగరా జలపాతం నుండి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బఫెలో నగరానికి కరెంటు చేరింది.

భారతదేశంలో 1897లో డార్జిలింగు దగ్గర సిద్రాపోంగ్‌లో చిన్న జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. తరువాతి పెద్ద అడుగు మైసూరు సంస్థానానిది. కోలారు బంగారు గనులలో నీరు తోడడానికి, మనుషులను, రాళ్లను పైకి చేర్చడానికి ఆవిరి యంత్రాలు పనిచేసేవి. వాటికి కట్టెలు, బొగ్గు అంతులేకుండా కావలసి వచ్చేవి. గనులు లోతయిన కొద్దీ ఖర్చు పెరిగింది. మరొకవైపు, శివనసముద్రం వద్ద కావేరి రెండు పాయలుగా చీలి గగనచుక్కి, భరచుక్కి జలపాతాలుగా దూకుతున్నది. ఆ నీటిబలాన్ని ఈ గనులకు చేర్చవచ్చునన్న ఆలోచనను ఇంజనీరు జోలీ ద లోట్‌బినియేర్ ముందుకు తీసుకువెళ్లగా, దివాను కె. శేషాద్రి అయ్యరు దానిని ఆమోదించి అమలు చేయించారు. జనరేటర్లు అమెరికా నుండి, టర్బైన్లు స్విట్జర్లాండు నుండి వచ్చాయి.

1902 జూన్ 30న శివనసముద్రం కరెంటు కోలారు గనులకు చేరింది. తీగ పొడవు సుమారు 147 కిలోమీటర్లు. నయాగరా తీగ వేసిన ఆరేళ్లకే దానికి మూడున్నర రెట్లకు పైగా పొడవైన తీగ దక్షిణ భారతంలో పనిచేసింది. నాటి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ తీగలలో అది ఒకటి. శేషాద్రి అయ్యరు ఆ దృశ్యం చూడలేదు. ఆయన 1901 సెప్టెంబరులోనే మరణించారు.

ఈ కథలో తెలుగువారికి పాలున్నది. కోలారు ప్రాంతం నేటికీ తెలుగు విస్తారంగా వినబడే సీమ. ఆ గనులలో దిగినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ అనేకులు. కావేరి కరెంటు మొదట తిప్పిన యంత్రాల కింద, భూగర్భంలో, వారి శ్రమ ఉన్నది. గనులు 2001లో మూతపడ్డాయి. ఆ కార్మికుల వారసులలో చాలామంది నేడు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి వచ్చి, రాత్రికి తిరిగి వెళ్తున్నారు.

బెంగళూరు నగరానికి కరెంటు దీపం ఆ తరువాతనే వచ్చింది. 1905 ఆగస్టు 5న, నేటి కె.ఆర్. మార్కెట్టు పరిసరాలలో వీధిదీపాలు వెలిగాయి. అంతకు ముందు అక్కడ ఉన్నవి కిరసనాయిలు దీపాలు.

4. వోల్టు, ఆంపియరు, వాట్టు

ఇంటి డాబా మీది నీళ్ల ట్యాంకును ఊహించుకుంటే ఈ మూడు మాటలూ తేలికగా బోధపడతాయి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కొళాయిలో నీటి ఒత్తిడి అంత ఎక్కువ. విద్యుత్తులో ఆ ఒత్తిడి పేరు వోల్టు. భారతదేశపు ఇళ్లలో అది 230 వోల్టులు. గొట్టంలో క్షణానికి ఎంత నీరు పారుతున్నదో, తీగలో ఎంత కరెంటు పారుతున్నదో చెప్పేది ఆంపియరు. సన్నని గొట్టం నీటిని అడ్డుకున్నట్లు తీగ కరెంటును అడ్డుకోవడమే నిరోధం. ఒత్తిడిని ప్రవాహంతో గుణిస్తే వచ్చే బలం వాట్టు. 230 వోల్టుల వద్ద 2000 వాట్టుల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది.

ఈ పోలిక ఒకచోట తప్పుతుంది. గొట్టం తెగితే నీరు కారిపోతుంది. తీగ తెగితే కరెంటు కారిపోదు, ఆగిపోతుంది. కరెంటు పారడానికి బయలుదేరిన చోటికి తిరిగి చేరే పూర్తి వలయం కావాలి. అందుకే ఇంటికి రెండు తీగలు వస్తాయి: ఒకటి ఫేజు, రెండవది న్యూట్రల్. మీట ఆర్పడమంటే ఆ వలయాన్ని తెంచడమే.

తీగలో కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు అవుతుంది, పదింతలయితే నూరింతలు అవుతుంది. శివనసముద్రం ఇంజనీర్లకు ఎదురైన చిక్కు ఇదే. ఒత్తిడిని పదింతలు పెంచితే అంతే బలాన్ని పదోవంతు కరెంటుతో పంపవచ్చు, దారిలో వేడిగా పోయే నష్టం నూరోవంతుకు తగ్గుతుంది. అందుకే దూరపు తీగలలో వేల వోల్టుల ఒత్తిడి ఉంటుంది. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు దానిని ఇంటికి తగినంతగా తగ్గిస్తుంది.

ఇదే సూత్రం ఇంటిలోను పనిచేస్తుంది. సన్నని తీగ గల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే రాడ్డు కలిపి తగిలిస్తే, ఆ తీగ మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారి, పై తొడుగు కరిగి నిప్పంటుకోవచ్చు. 1500 వాట్టుల రాడ్డుకు దాదాపు 6.5 ఆంపియర్లు కావాలి. కనుక దానిని 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకు కాక, 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టుకే తగిలించాలి.

5. మీటరు చెప్పే లెక్క

బిల్లులోని ఒక యూనిట్ అంటే 1000 వాట్టుల బలాన్ని ఒక గంట వాడటం. వాట్టులను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 30 రోజుల నెలకు ఈ కింది లెక్కలు చూడవచ్చు.

9 వాట్టుల ఎల్‌ఈడీ దీపం, రోజుకు 6 గంటలు: 1.62 యూనిట్లు.
60 వాట్టుల పాతరకం బల్బు, రోజుకు 6 గంటలు: 10.8 యూనిట్లు.
75 వాట్టుల ఫ్యాను, రోజుకు 12 గంటలు: 27 యూనిట్లు.
1500 వాట్టుల రాడ్డు, రోజుకు 20 నిమిషాలు: 15 యూనిట్లు.
2000 వాట్టుల గీజరు, రోజుకు అరగంట: 30 యూనిట్లు.

రాత్రంతా తిరిగే ఫ్యాను కన్నా ఉదయం అరగంట వెలిగే గీజరే ఎక్కువ తింటుందని ఈ లెక్క చెబుతున్నది. పొదుపు కోరేవారు దీపాల సంగతి ఆలోచించే ముందు వేడి పుట్టించే పరికరాల సంగతి ఆలోచించాలి.

ఇంటి యజమాని వేరు మీటరు పెట్టి అద్దెదారు నుండి కరెంటు సొమ్ము వసూలు చేసే చోట, గదిలో చేరిన రోజునే మీటరు అంకెను ఇద్దరి సమక్షంలో వ్రాసుకోవడం మేలు. నెలాఖరు అంకె నుండి మొదటి అంకెను తీసివేస్తే వాడిన యూనిట్లు తెలుస్తాయి. యూనిట్‌కు ఎంత తీసుకుంటారో ముందుగానే అడిగి తెలుసుకోవాలి. బెంగళూరు బిల్లులపై కనిపించే ఆర్.ఆర్. నంబరు ఆ కనెక్షను గుర్తు. ఫిర్యాదు చేసేటప్పుడు అది అవసరమవుతుంది.

6. ప్రాణం తీసే కరెంటు ఎంత?

వీధి ట్రాన్స్‌ఫార్మరు వద్ద న్యూట్రల్ తీగను భూమిలోకి దించి ఉంచుతారు. అందువల్ల నేలమీద నిలబడిన మనిషి ఫేజు తీగను ఒక్కదానినే తాకినా, శరీరం గుండా, నేల గుండా వలయం పూర్తవుతుంది. ఒకే తీగపై వాలిన కాకికి ఏమీ కాకపోవడానికి, ఆ తీగనే తాకిన మనిషి పడిపోవడానికి తేడా ఇదే. పొడి చర్మం కరెంటును కొంత అడ్డుకుంటుంది. తడి చర్మం ఆ అడ్డును చాలావరకు తొలగిస్తుంది.

శరీరం గుండా 30 మిల్లీ ఆంపియర్లకు, అంటే ఆంపియరులో వెయ్యికి 30 వంతులకు మించిన కరెంటు కొద్దిసేపు పారినా శ్వాస, గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. 9 వాట్టుల చిన్న దీపం వెలగడానికి కావలసినది దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు. అతి చిన్న దీపాన్ని వెలిగించే కరెంటు మనిషి ప్రాణం తీయడానికి సరిపోతుందన్నమాట.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మీటరు పెట్టెలో ఎం.సి.బి. ఉన్నది కదా, ప్రమాదం జరిగితే అదే పడిపోతుందని నమ్ముతారు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. 16 ఆంపియర్లు దాటితే గాని పడదు. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే కరెంటు దానికి లెక్కలోకి రాదు. ఎం.సి.బి. కాపాడేది తీగలను, మనిషిని కాదు. మనిషిని కాపాడేవి రెండు: ఎర్తింగు, ఆర్.సి.సి.బి.

ఫ్రిజ్జు, గీజరు, వాషింగ్ మెషీను వంటి లోహపు పరికరాలలో లోపలి తీగ తొడుగు చెడి పై రేకుకు తగిలితే ఆ రేకంతా ఫేజు తీగతో సమానమవుతుంది. ఎర్తు తీగ ఆ కరెంటుకు సులభమైన దారి చూపి భూమిలోకి పంపుతుంది. అలా ఒక్కసారిగా పెద్ద కరెంటు పారడంతో ఎం.సి.బి. పడిపోతుంది. మూడు కాళ్ల ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే పై కాలు ఈ ఎర్తుదే. అన్నిటికన్నా ముందు తగిలి, అన్నిటికన్నా చివర విడిపోవాలనే దానిని పొడవుగా చేశారు. సాకెట్టులో పట్టడం లేదని ఆ కాలిని విరిచివేయడం, రెండు కాళ్లకే సరిపెట్టడం ప్రాణరక్షణను విరిచివేయడమే.

ఆర్.సి.సి.బి. ఇంటిలోకి వెళ్లిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును ఎడతెగక పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, ఎక్కడో ఎవరి శరీరం గుండానో కరెంటు నేలకు పోతున్నదని గ్రహించినట్లుగా, రెప్పపాటులో సరఫరాను తెంచుతుంది. ఫేజును, న్యూట్రలును రెండు చేతులతో ఒకేసారి పట్టుకుంటే మాత్రం అది కూడా గుర్తించలేదు. దానిపై ఉండే పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి, అది పడుతున్నదో లేదో చూడాలి.

7. అద్దె ఇంట్లో చేరేముందు

చేరేముందు నాలుగు విషయాలు అడగడానికి సంకోచించనక్కరలేదు. ఇంటికి ఎర్తింగు ఉన్నదా? ఆర్.సి.సి.బి. ఉన్నదా? మెయిన్ స్విచ్చి ఎక్కడ ఉన్నది, అద్దెదారు చేతికి అందుతుందా? గీజరుకు పెద్ద సాకెట్టు ఉన్నదా? గదిలో చేరిన తరువాత స్నానాలగదిలో కొళాయి తాకితే జిల్లుమన్నా, ఫ్రిజ్జు తలుపు చిమచిమలాడినా దానిని చిన్న సంగతిగా వదలరాదు. అది ముందుగా వచ్చిన హెచ్చరిక. వెంటనే వాడకం ఆపి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుకు చూపించాలి.

రాడ్డుతో నీళ్లు కాచేవారు మీట ఆర్పి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే బకెట్టులో చేయి పెట్టాలి. ఇనుప బకెట్టు వాడరాదు. రాడ్డు నీటిలో ఉండగా పిల్లలను ఆ గదిలో ఒంటరిగా వదలరాదు. బట్టలు ఆరవేసే ఇనుప తీగను కరెంటు స్తంభానికి గాని, సర్వీసు తీగ దగ్గరగా గాని కట్టరాదు. నిర్మాణ స్థలాల వద్ద రేకుల షెడ్లలో నివసించే కార్మిక కుటుంబాలకు ముప్పు ఇంకా ఎక్కువ. రేకుకు ఒరుసుకునే తీగ తొడుగు అరిగిపోతే గోడ, కప్పు అన్నీ ఫేజు తీగలే అవుతాయి. అక్కడ తీగలను రేకుకు తగలకుండా గొట్టాలలో వేయించమని మేస్త్రీని అడగడం కార్మికుని హక్కు.

వర్షాకాలంలో నీరు నిలిచిన వీధిలో స్తంభాన్ని, ట్రాన్స్‌ఫార్మరు కంచెను తాకరాదు. తెగిపడిన తీగ కనిపిస్తే దూరంగా ఆగి, ఇతరులనూ ఆపి, 1912కు ఫోను చేయాలి.

8. ప్రమాదం జరిగినప్పుడు

పట్టుకుపోయిన మనిషిని చేత్తో లాగడం సహజంగా కలిగే తొందరపాటు. ఒకరిని కాపాడబోయి మరొకరు పోయేది ఇలాగే. మొదట మెయిన్ స్విచ్చి ఆర్పాలి. అది అందకపోతే పొడి నేలపై నిలబడి, పొడి కర్రతో తీగను పక్కకు తొలగించాలి. ఇది ఇంటి కరెంటుకే వర్తిస్తుంది. వీధిలోని హైటెన్షన్ తీగ విషయంలో కర్ర కూడా రక్షించదు, దగ్గరికి పోరాదు. సరఫరా ఆగిన తరువాత 108కి గాని 112కు గాని ఫోను చేయాలి. శ్వాస లేకపోతే ఛాతీ మధ్య రెండు చేతులతో బలంగా, వేగంగా, ఆంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా నొక్కుతూ ఉండాలి. లేచి కూర్చున్న మనిషిని కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గుండె లయ తప్పినది పైకి కనబడదు.

అభ్యాసం

1. ఒక గదిలో 9 వాట్టుల దీపాలు రెండు రోజుకు 5 గంటలు, 75 వాట్టుల ఫ్యాను 10 గంటలు, 60 వాట్టుల టీవీ 4 గంటలు, 1500 వాట్టుల రాడ్డు 20 నిమిషాలు వాడితే 30 రోజులకు ఎన్ని యూనిట్లు అవుతాయి? (జవాబు: 47.4)

2. ఎం.సి.బి. ఉన్న ఇంట్లో కూడా ఆర్.సి.సి.బి. ఎందుకు కావాలి?

3. ఇంటిలోని మెయిన్ స్విచ్చి ఎక్కడ ఉన్నదో ఇంట్లో పిల్లలతో సహా ఎందరికి తెలుసు? తెలియనివారికి ఈ రోజే చూపించండి.